ఇంజిన్‌కు కావలసినంత వేడి: థర్మోస్టాట్ చేసే పని

జనవరి తెల్లవారుజామున లంబసింగిలో గాలి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు చేరువవుతుంది. మే నెల మధ్యాహ్నం రెంటచింతలలో అది 45 డిగ్రీల సెల్సియస్‌ను తాకుతుంది. ఒకే కారు ఈ రెండు చోట్లా తిరిగినా, దాని ఇంజిన్‌లో ప్రవహిస్తూ వేడిని మోసుకుపోయే ద్రవం, అంటే కూలెంట్, మాత్రం కాసేపు నడిచాక రెండు సందర్భాల్లోనూ సుమారు 90 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. బయట అంత భారీగా ఉన్న తేడా ఇంజిన్ లోపలికి వచ్చేసరికి కొద్ది డిగ్రీలకు కుదించుకుపోతుంది. కూలింగ్ వ్యవస్థ అసలు పనితనం ఇక్కడే ఉంది. ఇంజిన్‌ను వీలైనంత చల్లగా ఉంచాలని దాన్ని తయారుచేయలేదు. ఇంజిన్‌ను ఫలానా వేడికి తెచ్చి, ఎండలోనైనా చలిలోనైనా అక్కడి నుంచి కదలకుండా చూడటానికి తయారుచేశారు. ఈ విషయం తెలియకపోవడం వల్లనే, వేసవి రాగానే 'మన ఎండలకు ఇది అక్కర్లేదు' అంటూ, కూలెంట్ దారిని వేడిని బట్టి తెరిచి మూసే థర్మోస్టాట్ వాల్వును పీకి పక్కన పడేసే అలవాటు చాలా వర్క్‌షాపుల్లో ఇంకా కొనసాగుతోంది. ఆ అలవాటు ఎందుకు తప్పో తెలియాలంటే, ఇంజిన్‌లో పుట్టే వేడి ఎంత, అది ఏ దారిన బయటికి పోతుంది, ఆ దారిలో ఎవరు కాపలా ఉంటారు అన్నది మొదటి నుంచి చూడాలి.

లీటరుకు 20 కిలోమీటర్ల మైలేజీ ఇచ్చే చిన్న పెట్రోలు కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందనుకుంటే, అది గంటకు 4 లీటర్ల పెట్రోలు కాలుస్తుంది. లీటరు పెట్రోలులో దాదాపు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది కాబట్టి, ఇంజిన్‌లో ప్రతి క్షణం సుమారు 35 కిలోవాట్ల చొప్పున శక్తి విడుదలవుతున్నట్టు లెక్క. అందులో చక్రాలను తిప్పే పనికి దక్కేది నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపే. మరో పెద్ద భాగం సైలెన్సర్ గుండా పొగతోపాటు పోతుంది. ఇంకొంత ఇంజిన్ ఒంటి మీది నుంచి నేరుగా గాలిలో కలుస్తుంది. మిగిలిన 10 కిలోవాట్ల వరకు వేడిని కూలెంట్ మోయాలి. ఇళ్లలో వాడే 2 కిలోవాట్ల గీజర్లు ఐదింటిని ఒకేసారి వేసినంత వేడి ఇది. అదీ సాఫీగా సాగే రోడ్డు మీద, తేలికపాటి నడకలో. ఈ వేడికి బయటికి పోయే దారి మూసుకుపోతే, ఇంజిన్ లోహం, అందులోని కూలెంట్ కలిపి నిమిషానికి ఏడెనిమిది డిగ్రీల చొప్పున వేడెక్కుతాయి. కూలెంట్‌ను గాలితో చల్లార్చే రేడియేటర్ పైపు పగిలిన కారులో మీటరు ముల్లు ఎరుపు గీతను చేరడానికి నాలుగైదు నిమిషాలు చాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

సిలిండర్ లోపల ఇంధనం మండేటప్పుడు వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీలు దాటుతుంది. పిస్టన్లు, సిలిండర్ల పైన మూతలా ఉండే సిలిండర్ హెడ్ తయారయ్యే అల్యూమినియం మిశ్రమాలు కరిగేది 660 డిగ్రీల లోపే. ఆ మంట క్షణంలో చిన్న వంతు సేపే ఉండటం, లోహం వెనుక కూలెంట్ ఎడతెగకుండా పారుతుండటం అనే రెండు కారణాల వల్లే ఇంజిన్ నిలబడుతోంది. నిజానికి లోహం కరగడం దాకా వెళ్లనక్కర్లేదు. సిలిండర్ గోడ మీద పిస్టన్ రింగులకూ లోహానికీ మధ్య ఉండే పలుచని ఆయిల్ పొర, గోడ ఉష్ణోగ్రత 200 డిగ్రీల ప్రాంతానికి చేరితే తన పట్టు కోల్పోతుంది. అక్కడి నుంచి లోహం మీద లోహం రాసుకోవడం మొదలవుతుంది; సిలిండర్ గోడకు గీతలు పడతాయి; చివరికి పిస్టన్ పట్టేస్తుంది. అంతకంటే ముందే హెడ్ దెబ్బతినవచ్చు. ఒకే వేడికి అల్యూమినియం పోత ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. సిలిండర్లు ఉండే ఇనుప బ్లాకు మీద బోల్టులతో బిగించిన అల్యూమినియం హెడ్ అదుపు తప్పి వేడెక్కితే వంకర తిరుగుతుంది, మధ్యలో సందు లేకుండా మూసే గాస్కెట్ అనే పొర చిరుగుతుంది, కూలెంట్ సిలిండర్లలోకీ ఆయిల్‌లోకీ కారుతుంది.

ఇదంతా అతి వేడి తెచ్చే ముప్పు. దీన్ని అందరూ ఒప్పుకుంటారు. చల్లదనం తెచ్చే నష్టం మాత్రం పొగలు కక్కదు, రోడ్డు పక్కన బండిని నిలబెట్టదు. అందుకే అది ఎవరి దృష్టికీ రాదు. ఇంజిన్ 50, 60 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంటే సిలిండర్‌లోకి చిమ్మిన పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. కొంత భాగం గోడల మీద ద్రవంగానే మిగిలి, అక్కడి ఆయిల్‌ను కడిగేస్తూ కిందికి జారి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులో కలుస్తుంది. దానితోపాటు నీరు కూడా చేరుతుంది. పెట్రోలులోని హైడ్రోజన్ మండితే వచ్చేది నీరే. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. వేడి ఇంజిన్‌లో ఇది పొగతో వెళ్లిపోతుంది. రింగుల సందుల్లోంచి కిందికి దిగిన కొద్దిపాటి ఆవిరి కూడా ఆయిల్ వేడికి మళ్లీ బయటికి పోతుంది. చల్లని ఇంజిన్‌లో అది లోపలే చెమ్మగా మారి, ఆయిల్‌తో కలిసి బురదలాంటి మడ్డిని, లోహాన్ని తినే ఆమ్లాలను తయారుచేస్తుంది. ఆయిల్ మూత అడుగున మీగడ రంగులో పేరుకునే జిగురు చాలాసార్లు ఈ చెమ్మ గుర్తే.

ఇవాళ్టి కార్లలో ఈ నష్టం మరింత పెరిగింది. ఇంజిన్ కంప్యూటర్ కూలెంట్ ఉష్ణోగ్రతను సెన్సర్ ద్వారా కనిపెడుతూ ఉంటుంది. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదని తెలిసినంతసేపూ అది పెట్రోలును ఎక్కువ మోతాదులో వదులుతుంది. మైలేజీ పడిపోతుంది, పొగలో కాలుష్యం పెరుగుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసిని అప్పుడప్పుడు కాల్చి ఫిల్టర్‌ను శుభ్రం చేసుకునే ప్రక్రియను, కూలెంట్ తగినంత వేడెక్కనిదే కంప్యూటర్ మొదలుపెట్టనివ్వదు. ఇంజిన్ ఎప్పుడూ చల్లగా తిరిగే బండిలో ఆ ఫిల్టర్ నిండిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఈ రెండు నష్టాల మధ్య ఇంజిన్‌ను పట్టి ఉంచే యంత్రం అరచేతిలో ఇమిడేంత చిన్నది. థర్మోస్టాట్ మధ్యలో ఒక లోహపు గుళిక, దాని నిండా ప్రత్యేకంగా తయారుచేసిన మైనం ఉంటుంది. వేడి త్వరగా పాకడానికి ఆ మైనంలో రాగి పొడి కలుపుతారు. నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద, ఎక్కువ కార్లలో 82 నుంచి 90 డిగ్రీల మధ్య, మైనం కరగడం మొదలై గట్టిగా వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడి గుళికలోని సన్నని ఉక్కు కడ్డీని బయటికి నెడుతుంది. కడ్డీ కొన చట్రానికి ఆని ఉంటుంది కాబట్టి, అది కదలలేక గుళికే వెనక్కి జరుగుతుంది. దానితోపాటు స్ప్రింగును అణుస్తూ వాల్వు తెరుచుకుంటుంది. చల్లబడగానే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. కరెంటు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. 1934లో సర్జియస్ వెర్నే రూపొందించిన ఈ మైనపు గుళిక సూత్రం తొంభై ఏళ్లు దాటినా కార్లలో ఇంకా రాజ్యమేలుతోందంటే, దాని సరళత్వానికీ నమ్మకానికీ అంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వాల్వు మూసి ఉంటుంది. వాటర్ పంపు కూలెంట్‌ను బ్లాకులోకి తోస్తుంది. అది సిలిండర్ల చుట్టూ తిరిగి, హెడ్‌లోకి ఎక్కి, రేడియేటర్ వైపు దారి లేక బైపాస్ గొట్టం గుండా మళ్లీ పంపు దగ్గరికే వస్తుంది. ఈ చిన్న చుట్టులో తక్కువ కూలెంటే ఉంటుంది కనుక ఇంజిన్ కొద్ది నిమిషాల్లో వేడెక్కుతుంది. క్యాబిన్ హీటర్ కూడా సాధారణంగా ఈ చుట్టులోనే ఉంటుంది. కూలెంట్ వాల్వు మీద ముద్రించిన ఉష్ణోగ్రతకు చేరగానే తలుపు బార్లా తెరుచుకుంటుందని చాలామంది అనుకుంటారు, కానీ జరిగేది వేరు. మొదట సన్నని సందు ఏర్పడుతుంది. రేడియేటర్‌లో అప్పటిదాకా కదలకుండా ఉన్న చల్లని కూలెంట్ ఇంజిన్‌లోకి వస్తుంది, గుళిక కాస్త చల్లబడి సందు ఇరుకవుతుంది, మళ్లీ వేడెక్కి వెడల్పవుతుంది. కొంతసేపు ఈ ఊగిసలాట నడిచాక, ఆ క్షణాన ఇంజిన్‌లో పుట్టే వేడికి సరిపోయేంత ప్రవాహం ఏ సందు వద్ద వస్తుందో అక్కడ వాల్వు కుదురుకుంటుంది. పూర్తిగా తెరుచుకోవాలంటే మొదట తెరుచుకున్న ఉష్ణోగ్రత కన్నా మరో పది, పదిహేను డిగ్రీలు పెరగాలి. మామూలు ప్రయాణంలో ఆ అవసరం రాదు. నియంత్రణ అన్న మాటకు ఇంత స్వచ్ఛమైన ఉదాహరణ కారులో మరొకటి లేదు.

సందు ఎంత వెడల్పుగా ఉండాలో నిర్ణయించేది ఇంజిన్ భారం ఒక్కటే కాదు, బయటి గాలి కూడా. రేడియేటర్ గాలిలోకి వదిలే వేడి, కూలెంట్‌కూ గాలికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడుతుంది. కూలెంట్ 90 డిగ్రీల వద్ద ఉంటే లంబసింగి చలిలో ఆ తేడా 90 డిగ్రీలు, రెంటచింతల ఎండలో 45 మాత్రమే. అంటే అదే రేడియేటర్, అదే ప్రవాహంతో, ఎండలో సగం వేడినే బయటికి పంపగలదు. అందుకే చలిలో వాల్వు కొద్దిగా తెరిచి సరిపెడుతుంది, ఎండలో బాగా తెరుస్తుంది. దీనిలోంచే మరొక సంగతి కూడా బయటపడుతుంది. కూలెంట్‌ను 60 డిగ్రీల వద్ద ఉంచాలని ఎవరైనా పట్టుబడితే, 45 డిగ్రీల ఎండలో మిగిలే తేడా 15 డిగ్రీలే. అంత వేడిని వదలాలంటే మూడింతల రేడియేటర్ కావాలి. కూలెంట్ వేడిగా ఉండటం వల్లే చిన్న రేడియేటర్ చాలుతోంది.

రేడియేటర్ చిన్నదిగా ఉండాలన్న ఈ ఒత్తిడి దాని చరిత్రలోనూ కనిపిస్తుంది. తొలినాటి కార్లు ఎక్కువ నీరు మోస్తూ, దాన్ని ఆవిరిగా పోగొట్టుకుంటూ వెళ్లేవి. 1900-01 కాలంలో మెర్సిడెస్ 35 పీఎస్ కారు కోసం జర్మన్ ఇంజనీరు విల్‌హెల్మ్ మేబాక్ 8,070 సన్నని చదరపు గొట్టాలను పేర్చి తేనెపట్టు రేడియేటర్‌ను తయారుచేశాడు. గాలి తగిలే ఉపరితలం అమాంతం పెరగడంతో 9 లీటర్ల నీరు సరిపోయింది. ఇప్పటి అల్యూమినియం రేడియేటర్లలోని చదునైన గొట్టాలు, వాటి మధ్య అలల్లా మడిచిన పలుచని రెక్కలు ఆ ఆలోచనకు కొనసాగింపే.

ఇప్పుడు వర్క్‌షాపు అలవాటు దగ్గరికి రావచ్చు. థర్మోస్టాట్ తీసేస్తే చలిలో, హైవే మీద ఇంజిన్ వేడెక్కకుండా మిగులుతుందన్నది పైన చెప్పినదాన్నిబట్టి స్పష్టమే. ఎండాకాలంలోనైనా మేలు జరుగుతుందా అంటే, చాలా ఇంజిన్లలో జరగదు. ఇప్పటి థర్మోస్టాట్లలో చాలావాటికి రెండు వాల్వులుంటాయి: ఒకటి రేడియేటర్ దారిని తెరుస్తుంటే, రెండోది అదే కదలికతో బైపాస్ దారిని మూస్తుంది. మొత్తం థర్మోస్టాట్‌ను పీకేస్తే బైపాస్ శాశ్వతంగా తెరిచి ఉంటుంది. పంపు తోసిన కూలెంట్‌లో కొంత, రేడియేటర్ ముఖం చూడకుండానే వేడివేడిగా మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. ఘాట్ రోడ్డు మీద, ట్రాఫిక్‌లో, అంటే రేడియేటర్‌కు మొత్తం ప్రవాహం కావలసిన వేళలోనే, ఆ బండి ఎక్కువ వేడెక్కుతుంది. చల్లదనం కోసం చేసిన పని వేడిని పెంచడం ఇలా జరుగుతుంది. 'నీరు మరీ వేగంగా పోతే రేడియేటర్‌లో చల్లబడే సమయం దొరకదు' అని దీనికి చెప్పే వివరణ మాత్రం సరికాదు. అదే కూలెంట్ అంతే తరచుగా రేడియేటర్‌లోకి తిరిగి వస్తుంది కాబట్టి, ప్రవాహం పెరిగితే వదిలే వేడి పెరుగుతుందే కాని తగ్గదు. తప్పు వేగానిది కాదు, దారి తప్పిన ప్రవాహానిది.

అలవాటు పుట్టుకకు కారణం లేకపోలేదు. పాత కార్లలో బోరు నీళ్లు పోసి నడిపేవారు, సున్నపు పొర, తుప్పు పట్టి థర్మోస్టాట్ మూసుకున్న స్థితిలోనే బిగుసుకుపోయేది, హెడ్ పోయేది. థర్మోస్టాట్ తీసేసిన బండి ఎలాగో ఇల్లు చేరేది. కార్బురేటర్ అనే పరికరంతో పెట్రోలును గాలిలో కలిపే ఆనాటి ఇంజిన్‌కు కూలెంట్ ఉష్ణోగ్రతను చదివే కంప్యూటర్ కూడా లేదు కాబట్టి నష్టం కనిపించేది కాదు. బండ్లు మారాయి, అలవాటు మారలేదు.

నీళ్ల విషయం ఇక్కడ కాస్త నిలిచి చూడాలి. తెలుగు రాష్ట్రాల్లో చాలా ప్రాంతాల బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఇలాంటి నీరు వేడెక్కితే కాల్షియం కార్బొనేట్ విడిపోయి గట్టి పొరగా అంటుకుంటుంది, అదీ అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటనే, అంటే ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఉన్న హెడ్ గోడల మీద ఎక్కువగా. ఆ పొరకు వేడిని పాకనిచ్చే గుణం అల్యూమినియంతో పోలిస్తే వందో వంతు మాత్రమే. కూలెంట్ మీటరు మామూలుగానే చూపిస్తుంటే, పొర వెనుక లోహం మాత్రం ఉడికిపోతుంటుంది. నీటిలోని క్లోరైడ్లు అల్యూమినియాన్ని గుంటలు గుంటలుగా తినేస్తాయి. కూలెంట్‌లో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ గడ్డకట్టకుండా కాపాడటానికేననీ, మనకు మంచు లేదు కాబట్టి ఉత్త నీరు చాలుననీ అనుకోవడం పొరపాటు. అందులోని తుప్పు నిరోధకాలే మన వాతావరణంలో అసలు విలువ. అలాగని గ్లైకాల్‌ను నీరు కలపకుండా పోయడమూ తప్పే. వేడిని మోసే శక్తి నీటికే ఎక్కువ. డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపిన కూలెంట్, లేదా కంపెనీ కలిపి అమ్మేది సరిపోతుంది. రంగు ఒకటే అయినంత మాత్రాన రెండు రకాల కూలెంట్లు కలవవు. కొన్ని జతలు జిగురుగా మారి సన్నని గొట్టాలను మూసేస్తాయి. పాత కూలెంట్‌ను పారబోసేవారు జాగ్రత్త పడాలి: గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పిల్లలు నాకే ప్రమాదం ఉంది.

నీటి మరుగు స్థానాన్ని పెంచేది గ్లైకాల్ కన్నా రేడియేటర్ మూతే. సగం సగం మిశ్రమం మామూలు వాతావరణ పీడనంలో 107 డిగ్రీల ప్రాంతంలో మరుగుతుంది. మూతలోని స్ప్రింగు వ్యవస్థలో సుమారు 1 బార్, అంటే దాదాపు వాతావరణ పీడనమంత, అదనపు పీడనం నిలబెడితే అది 125 డిగ్రీలు దాటుతుంది. పీడనం హద్దు మీరితే మూత కొంత కూలెంట్‌ను రిజర్వ్ ట్యాంకులోకి వదులుతుంది. చల్లబడ్డాక మూతలోని రెండో చిన్న వాల్వు దాన్ని వెనక్కి పీల్చుకోనిస్తుంది. రబ్బరు ఎండిన మూత ఈ పీడనాన్ని నిలపలేదు. అలాంటి బండిలో థర్మోస్టాట్, పంపు, ఫ్యాన్ అన్నీ బాగున్నా హెడ్‌లో కూలెంట్ మరిగి ఆవిరి బుడగలు లోహాన్ని కప్పేస్తాయి. ఆవిరి నీటిలాగా వేడిని మోయలేదు. వేడి ఇంజిన్ మూత తిప్పకూడదనడానికి కారణం కూడా ఈ పీడనమే: అది తగ్గిన మరుక్షణం 110 డిగ్రీల కూలెంట్ ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగడం తప్ప మరో మార్గం లేదు.

గాలి సంగతి సులువుగానే తెలుస్తుంది. గంటకు 50, 60 కిలోమీటర్ల వేగం దాటితే ముందు నుంచి దూసుకొచ్చే గాలే రేడియేటర్‌కు చాలు. ఫ్యాన్ అవసరం నెమ్మదిగా వెళ్లేటప్పుడే. పాత అంబాసిడర్‌లో ఫ్యాన్ బెల్టుతో ఇంజిన్‌కే కట్టి ఉండేది. అవసరం ఎక్కువైన ట్రాఫిక్‌లో ఇంజిన్ నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదించేది. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు ఆ బంధం లేదు. కూలెంట్ 95 నుంచి 100 డిగ్రీల ప్రాంతానికి వస్తే కంప్యూటర్ దాన్ని తిప్పుతుంది, ఏసీ వేస్తే వేడితో నిమిత్తం లేకుండా తిప్పుతుంది, ఎందుకంటే రేడియేటర్ ముందే ఏసీ కండెన్సర్ ఉండి తన వేడిని దాని మీదికి ఊదుతుంటుంది. తిరుమల ఘాట్ రోడ్డు వంటి ఎక్కుడు దారిలో నిండు బండి ఏసీతో మెల్లగా వెళ్తుంటే భారం ఎక్కువ, గాలి తక్కువ; ఆ స్థితిలో తక్కువ గేరు వేస్తే పంపు వేగం పెరిగి మేలు జరుగుతుంది. ముల్లు ఎరుపు వైపు జరుగుతుంటే ఏసీ ఆపి, ఇబ్బందైనా హీటర్‌ను పూర్తిగా తెరవాలి, అది రెండో చిన్న రేడియేటర్‌గా పనిచేస్తుంది.

ముల్లునూ పూర్తిగా నమ్మకూడదు. చాలా కార్లలో కూలెంట్ 80 డిగ్రీల దగ్గరున్నా 105 దగ్గరున్నా ముల్లు మధ్యలోనే ఉండేలా మీటరును అమర్చారు. కొన్ని చిన్న కార్లలో మీటరే లేదు, నీలం, ఎరుపు దీపాలే దిక్కు. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ ఖాళీలో వేలాడుతూ నిజమైన వేడిని చూపకపోవచ్చు కూడా.

మైనపు గుళికకు ఉన్న ఒకే పరిమితి, అది ఒక ఉష్ణోగ్రతకే కట్టుబడటం. తేలిక ప్రయాణంలో 105 డిగ్రీల దాకా వేడిగా ఉంటే ఆయిల్ పలుచబడి రాపిడి తగ్గుతుంది, ఇంధనం ఆదా అవుతుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు 85 ఉంటే నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి దానంతటదే అంటుకోవడం, తగ్గుతుంది. ఇందుకోసం గుళికలోనే చిన్న విద్యుత్ హీటర్ పెట్టి, కంప్యూటర్ కోరినప్పుడు మైనాన్ని ముందే కరిగించే థర్మోస్టాట్లు వచ్చాయి. 2004లో బీఎండబ్ల్యూ తన ఎన్52 ఇంజిన్‌లో పంపును కూడా బెల్టు నుంచి విడదీసి విద్యుత్ మోటారుకు అప్పగించింది. అక్కడి నుంచి ఉష్ణోగ్రత అన్నది ఇంజిన్ భారాన్ని బట్టి క్షణక్షణం ఎంచుకునే అంకెగా మారింది.

మామూలు థర్మోస్టాట్ పాడైందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే రేడియేటర్‌కు వెళ్లే పై పైపు వేడెక్కుతుంటే వాల్వు తెరిచి ఉండిపోయినట్టు. మీటరు ఎరుపుకు చేరుతున్నా ఆ పైపు చల్లగా ఉంటే మూసుకుని బిగుసుకుపోయినట్టు. ఇంజిన్ నుంచి విప్పి తీసిన థర్మోస్టాట్‌ను దారంతో కట్టి, థర్మామీటర్‌తోపాటు నీళ్ల గిన్నెలో వేలాడదీసి వేడిచేస్తే, ముద్రించిన అంకె దగ్గర అది తెరుచుకోవాలి. కొత్తది వేసేటప్పుడు అదే అంకె ఉన్నది ఎంచుకుని, దాని మీది చిన్న గాలి రంధ్రం పైవైపు ఉండేలా బిగించాలి. తరువాత కూలెంట్ నింపి, హీటర్ తెరిచి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడపాలి. హెడ్‌లో చిక్కిన గాలి ఆ లోపు బయటికి వస్తుంది. ఇంజిన్ చల్లారాక మట్టం తగ్గితే మళ్లీ నింపాలి.